కొండకోట నుంచి కొయ్య గరిటె దాకా: ఉదయగిరి, ఆత్మకూరు ఘనతలు

నెల్లూరు పేరు చెబితే ఎవరికైనా వరిమడి, రొయ్యల చెరువు, చేపల పులుసు గుర్తొస్తాయి. అదంతా తూర్పు సంగతి. ముఖం పడమటికి తిప్పి సంగం, ఆత్మకూరు దాటండి. కాలువలు సన్నబడతాయి, నేల ఎర్రబడుతుంది, వెలిగొండలు అడ్డంగా లేస్తాయి. జిల్లా వాళ్ళు దీన్ని మెట్ట అంటారు. వాన తక్కువ, వలస ఎక్కువ అని పేరు పడిన నేల. ఆత్మకూరు నియోజకవర్గంలో 6 మండలాలు, ఉదయగిరిలో 8. ఈ 14 మండలాల్లోనూ వాటి పొలిమేరల్లోనూ దొరికే ఘనతలు ఎన్నెన్ని! శ్రీకృష్ణదేవరాయల్ని ఏడాదిన్నర నిలబెట్టిన కోట ఇక్కడిదే. పెన్న మీద అతి పెద్ద జలాశయం ఇక్కడిదే. ఒక ఊరి నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకు పాకిన ఆడవాళ్ళ ఉద్యమమూ ఇక్కడిదే. కొలతలతో సహా చూద్దాం.

ఎత్తులో మేటి ఉదయగిరి దుర్గం. శిఖరం సముద్రమట్టానికి 3,079 అడుగులు, అంటే 939 మీటర్లు. కుతుబ్ మినార్లను ఒకదాని మీద ఒకటి నిలబెడితే పన్నెండు చాలవు, పదమూడోది కావాలి. గోల్కొండ కోట కూర్చున్న గుట్ట మొత్తం ఎత్తు 400 అడుగులు. ఉదయగిరి కొండకు చాలా వైపుల ఉన్న నిట్టనిలువు చరియలే దాదాపు 1,000 అడుగులు! అరవై అడుగుల తాటిచెట్లు పదహారు ఒకదాని నెత్తిన ఒకటి నిలిపినా చరియ అంచు అందదు.

లెక్కలో మేటి కూడా అదే. ఉదయగిరి ఒక కోట కాదు, 13 కోటల గుత్తి. కొండ మీద 8, కొండ కింద 5. పైకి వెళ్ళే దారిని కాచుకుని ఒకదాని వెనుక ఒకటి రక్షణ వరసలు. లోపల గుళ్ళు, సమాధులు, మహళ్ళు, మసీదులు. ఒకటి పడినా రెండోది నిలిచేలా కట్టిన దుర్గం ఇది. 14వ శతాబ్దం నుంచి విజయనగరం, కటకం గజపతులు, గోల్కొండ, ఆర్కాటు నవాబు, చివరికి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) దాకా అందరూ దీని కోసం చేయి చాచినవాళ్ళే. విజయనగరం తొలినాళ్ళలో రాజు తమ్ముళ్ళకో కొడుకులకో అప్పగించే రాజ్యం ఉదయగిరి. హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఇక్కడి నుంచే ఏలాడు. తరవాత సింహాసనమెక్కిన మొదటి దేవరాయలు యువరాజుగా పాలన నేర్చుకున్నదీ ఇక్కడే.

ఇక ముట్టడి సంగతి. ఇది కాస్త నింపాదిగా చెప్పుకోవలసిన కథ.

1513లో రాయలు ఉదయగిరి మీదికి కదిలాడు. అప్పటికి కోట గజపతుల చేతిలో ఉంది. గజపతి రాజధాని కటకం ఇక్కడికి సూటిగా కొలిచినా 900 కిలోమీటర్ల పైమాటే. అంత దూరపు రాజు జెండా ఈ కొండ మీద ఎగురుతుండగా, రాయల రాజధాని హంపీ ఉన్నది సుమారు 300 కిలోమీటర్లలో. రాయలకు నిద్ర పట్టకపోవడంలో వింత లేదు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఇరవై ఏళ్ళ తరవాత విజయనగరంలో విన్నది రాసుకున్నాడు. ఆ లెక్క ప్రకారం రాయల వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు. కోటలో 10,000 కాల్బలం, 400 గుర్రాలు. బయట మూడు రెట్లకు మించిన సైన్యం ఉన్నా కోట చెక్కుచెదరలేదు. కారణం దారి! పైకి చేరే బాట ఒక్కటే, అదీ ఒకరి వెనుక ఒకరు మాత్రమే నడవగలిగినంత ఇరుకు. 800 ఏనుగులున్నా ఒక్క ఏనుగు తొండం కూడా పట్టని సందులో ఏం చేస్తాయి? కత్తి పనికిరాదని తేలాక రాయలు సమ్మెట పట్టించాడు. బండల్ని పగలగొట్టించాడు. కొండ పక్కన కొత్త బాటలు తొలిపించాడు. ఇరుకు దారిని వెడల్పు చేయించాడు. కోట బురుజుల దాకా సైన్యం నడిచి వెళ్ళేలా కొండనే కోయించాడు. ఇదంతా అయ్యేసరికి ఏడాదిన్నర. 1514 జూన్ 9న కోట పడింది. గజపతి బంధువు తిరుమల రౌతురాయలు బందీ అయ్యాడు. ఇదే రాయలు మరుసటి ఏడు కొండవీటి మీద పడితే కొద్ది నెలల్లోనే, 1515 జూన్ 23న అదీ లొంగిపోయింది. కళింగ దండయాత్ర మొత్తంలో రాయల ఓపికను అంతగా పరీక్షించిన కోట మరొకటి లేదు. గెలిచినవాడి పేరు ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలుసు. పద్దెనిమిది నెలలు ఆ కొండ మీద గింజలు లెక్కపెట్టుకుంటూ నిలబడిన పదివేల మందిలో ఒకటి రెండు పేర్లకు మించి చరిత్రకు అందలేదు. నా మట్టుకు నాకు ఈ కథలో వీరులు ఇరువైపులా ఉన్నారు.

ఖర్చులో మేటి మొక్కుబడి: కోట పడిన 27వ రోజు, అంటే 1514 జులై 6న రాయలు తిరుమలలో ఉన్నాడు. 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేశాడు. ముట్టడి ఎన్ని రోజులు సాగిందో అన్ని రోజులతో పంచి చూడండి. రోజుకు 50 నాణేలకు పైగా లెక్క తేలుతుంది.

దూరం తిరిగిన దేవుడు ఉదయగిరి బాలకృష్ణుడు. విజయానికి గుర్తుగా రాయలు కొండ నుంచి ఈ నల్లనయ్యను హంపీకి తరలించి, అక్కడ కొత్తగా గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. హంపీ కృష్ణాలయం అలా పుట్టిందే. గుడి నిలిచింది, దేవుడు నిలవలేదు. విజయనగరం కూలాక విగ్రహం దెబ్బతింది, దొరికిన భాగం చెన్నై మ్యూజియానికి చేరింది. ఉదయగిరి నుంచి హంపీకి సూటిగా సుమారు 300 కిలోమీటర్లు. ఇప్పుడున్న చెన్నైకి 220 పైచిలుకు. పుట్టిన ఊరిలోనూ లేడు, పట్టం కట్టిన ఊరిలోనూ లేడు! కనీసం ఒక నకలు ప్రతిమనైనా ఉదయగిరిలో పెట్టి పక్కన ఈ కథ రాయిస్తే చూసేవాళ్ళు ఆగి చదువుతారు.

కత్తులేనా? కలాలూ ఇక్కడ పదునెక్కాయి. గజపతుల తరఫున ఉదయగిరిని ఏలిన బసవరాజు కొలువును చూడండి. దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లో చెప్పి ఆ రాజుకే అంకితమిచ్చాడు. దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానాన్ని ఆయన మంత్రి గంగయకు ఇచ్చాడు. నంది మల్లయ, ఘంట సింగయ కలిసి ప్రబోధచంద్రోదయాన్ని అదే గంగయకు ఇచ్చారు. ఒక కొండ కోట, ఒక రాజు, ఒక మంత్రి, మూడు కావ్యాలు! మల్లయ, సింగయ మేనమామ మేనల్లుళ్ళు. తెలుగులో తొలి జంటకవులుగా చెప్పుకునేది వీళ్ళనే. మరో విశేషం వినండి. ఈ జంటే వరాహపురాణాన్ని తుళువ నరసనాయకుడికి అంకితమిచ్చింది. నరసనాయకుడంటే కృష్ణదేవరాయల తండ్రి. కొడుకు ముట్టడించబోయే కోటలో మంత్రి మెచ్చిన కవులే తండ్రి మెప్పూ పొందారన్నమాట. కత్తులు దాటలేని సరిహద్దును పద్యాలు ఎప్పుడో దాటాయి.

పాతవాటిలో మేటి చెరువు కోసం కొండ దాటాలి. వెలిగొండలకు ఆవల, కడప జిల్లా పోరుమామిళ్ళలో ఉంది. కట్టించింది మాత్రం ఉదయగిరి నుంచి ఏలిన భాస్కర భవదూరుడు, బుక్కరాయల కొడుకు. 1369 నాటి శాసనం గట్టు పక్కనే ఉంది. రోజూ 1,000 మంది కూలీలు, రాయి తోలే బండ్లు 100, పట్టిన కాలం రెండేళ్ళు. ఉన్న కొండల మధ్య ఖాళీలను మట్టికట్టలతో పూడ్చి చెరువు చేశారు. ప్రకృతి కట్టిన గోడకు మనిషి అతుకు వేశాడు. శాసనంలో ఇంకా గొప్ప సంగతి ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, చెరువును చెడగొట్టే 6 దోషాలు వరసగా చెక్కించారు. దానం, పుణ్యం చెప్పే శాసనాలు తెలుగునాట వేలల్లో ఉంటాయి. ఇంజనీరింగు పాఠం చెప్పే రాయి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత అరుదు. ఆరున్నర శతాబ్దాలు దాటింది, ఆ చెరువు ఇప్పటికీ చెరువే.

అతి ఎత్తున నమాజు వినిపించిన చోటు ఉదయగిరి కొండ మీది మసీదు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో ఊరిని పట్టిన షేక్ హుసేన్ ఈ కట్టడం కట్టించాడని, తోట వేయించాడని రెండు పారసీ శాసనాలు చెబుతాయి. మూడు వేల అడుగుల కొండ మీద తోట! కింద గొంతు తడుపుకోవడానికి నీళ్ళు వెతుక్కునే మెట్టలో, పైన పూలమొక్కలకు నీళ్ళు. కొండ మీద వాననీటిని ఆపే కోనేళ్ళు ఉండబట్టే ముట్టడిలో పదివేల మంది బతికారు, ఆ తరవాత తోటలూ బతికాయి.

1857 తిరుగుబాటు కన్నా 18 ఏళ్ళ ముందు: ఆర్కాటు నవాబు ఇచ్చిన జాగీరుగా ఉదయగిరి ముస్తఫా అలీఖాను వంశం చేతికి వచ్చింది. చివరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాను. 1839లో కుంఫిణీ మీద కుట్ర చేశాడని నేరం మోపి, జాగీరు లాక్కుని, చెంగల్పట్టుకు పంపేశారు. అదే ఏడు కర్నూలు నవాబునూ పట్టుకున్నారు. మన పాఠ్యపుస్తకాలు మీరట్ దగ్గర మొదలవుతాయి. అంతకు రెండు దశాబ్దాల ముందే ఉదయగిరి కొండ కింద కుంఫిణీకి చెమటలు పట్టిన సంగతి వాటిలో కనిపించదు.

వేగంలో మేటి

ఇక ఈ జాబితాలో నేను మొదటి పీట వేసేది కోటకు కాదు, ఒక చిన్న ఊరికి. కలిగిరి మండలం దూబగుంట. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరిట సాక్షరతా ఉద్యమం మొదలైంది. పొద్దుగూకాక లాంతరు కిందో వీధిదీపం కిందో పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు అక్షరాలతో పాటు తమ బతుకులూ చదివారు. పొద్దంతా చేసిన కూలి సాయంత్రానికి సారా ప్యాకెట్టు అవుతోంది. ఇంట్లో నూకలుండవు, ఒంటి మీద వాతలుంటాయి. వాచకంలో సీతమ్మ కథ వచ్చింది. అది తమ కథే అనిపించింది. దూబగుంట ఆడవాళ్ళు గుంపు కట్టారు. ఊరికి వస్తున్న కల్లును వెనక్కి పంపారు, సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అంగడి మూతపడింది. వాళ్ళలో ముందు నిలిచిన రోశమ్మకు ఊరి పేరే ఇంటిపేరై దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది.

ఈ సంగతే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠమై తరవాతి వాచకంలోకి ఎక్కింది. ఒక ఊళ్ళో జరిగింది వందల ఊళ్ళలో పాఠంగా చదివారు, చదివి వదిలెయ్యకుండా చేసి చూపించారు. చీపుళ్ళు, కారప్పొడి, రోకళ్ళు ఆయుధాలయ్యాయి. సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధం. అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1991 చివర్లో ఒక ఊరి అంగడి మూతపడిన దగ్గర నుంచి 23 జిల్లాల్లో సారా ఆగేదాకా పట్టింది దాదాపు రెండేళ్ళు. రాయలకు ఒక్క కోట పట్టడానికే ఏడాదిన్నర పట్టిందని గుర్తుంచుకుంటే ఈ వేగం విలువ తెలుస్తుంది. వీళ్ళకు ఏనుగులు లేవు, సైన్యం లేదు, చేతిలో ఉన్నది పలక. 1997లో మద్యనిషేధం సడలిపోయింది, నిజమే. అది గెలిచిన ఆడవాళ్ళ తప్పు కాదు.

నీళ్ళలో మేటి

పెన్న పొడవు 597 కిలోమీటర్లు. కర్ణాటక నంది కొండల దగ్గర పుట్టి సీమంతా తిరిగి వస్తుంది. ఇంత పొడవునా దాన్ని ఎక్కువగా పట్టి ఆపేది ఒక్కచోటే, అనంతసాగరం మండలం సోమశిల దగ్గర. నిల్వ 78 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు కాబట్టి, లీటర్లలోకి మారిస్తే 2.2 లక్షల కోట్లు. ఆంధ్రప్రదేశ్ జనాభా 5 కోట్లనుకుని పంచితే తలా 44 వేల లీటర్లు! పెన్న పరీవాహకంలో ఇంతకు మించిన జలాశయం లేదు. ఈ నీటి కోసం కడప వైపు ఎన్నో ఊళ్ళు మునిగాయి. కొలత చెప్పేటప్పుడు ఆ ఊళ్ళనూ తలచుకోవాలి.

2021 నవంబరు 19, 20 తేదీల్లో సోమశిల చూసిన వరద మరో లెక్క. పైన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. ఆ ఉప్పెనంతా కిందికి దూకింది. 12 గేట్లు ఎత్తినా 5 లక్షల క్యూసెక్కులు దాటి పరుగెత్తిన నీరు కింది ఆప్రాన్‌ను చీల్చింది, ఒడ్డున ఉన్న సోమేశ్వరుడి గుడినీ దెబ్బతీసింది. డ్యామ్ నిలబడింది కాబట్టి నెల్లూరు నిలబడింది.

సోమశిల నీరు ఎంత దూరం పోతుందో తెలుసా? కాలువ గుండా రాపూరు మండలం కండలేరుకు. అక్కడ 68 టీఎంసీల నిల్వ, దాదాపు 11 కిలోమీటర్ల పొడవున మట్టికట్ట. అక్కడి నుంచి 152 కిలోమీటర్లు నడిచి తమిళనాడు సరిహద్దుకు, దాన్ని దాటి పూండికి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ఫలం ఇది. 1996లో తెలుగుగంగ తొలి నీరు చెన్నై వైపు చేరింది. ఆత్మకూరు పక్కన నిలిచిన నీళ్ళతో మైలాపూరులో ఫిల్టర్ కాఫీ కలుపుతున్నారు!

ఓర్పులో మేటి ఆనకట్ట సంగం. పెన్న, బీరాపేరు, బొగ్గేరు కలిసే చోటు కాబట్టి ఆ పేరు. 1882లో మొదలుపెట్టి 1886కి పూర్తిచేశారు. పొడవు 4,072 అడుగులు, అంటే కిలోమీటరు పావు. గేట్లు లేవు, కరెంటు లేదు, రాయీ సున్నమే. 136 ఏళ్ళు డెల్టాకు నీళ్ళందించింది. 2022 సెప్టెంబరు 6న దాని పనిని కొత్త బ్యారేజీ అందుకుంది. పొడవు 1,195 మీటర్లు, గేట్లు 85, పైన రోడ్డు. అదే ఏడు ఫిబ్రవరిలో మరణించిన ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. కొత్తదీ 136 ఏళ్ళు నిలవాలంటే 2158 దాకా కాపలా కాయాలి.

అతి పొడవైన ఎదురుచూపు సొరంగాలది. శ్రీశైలం వెనుక నీటిని వెలిగొండ ప్రాజెక్టుకు తెచ్చే జంట సొరంగాలు ఒక్కోటి 18.8 కిలోమీటర్లు. ఒకదాని వ్యాసం 7 మీటర్లు, రెండోది 9.2. లారీలు పక్కపక్కన వెళ్ళేంత రంధ్రం, నల్లమల కడుపులో! 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో సొరంగాల ప్రారంభం. ప్రకాశంతో పాటు ఉదయగిరి మెట్ట పొలాలకూ ఇందులో వాటా ఉంది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడు సొరంగాల ప్రారంభం నాటికి ముప్పైకి చేరువయ్యాడు.

జీవాల్లో మేటి

దేశంలో అతి ఎత్తయిన గొర్రె జాతి నెల్లూరు గొర్రె. మెట్టలో ఏ ఊరి పొలిమేరన చూసినా కనిపిస్తుంది. పల్లా, జోడిపి, దొర అని మూడు రకాలు. ఒంటి మీద ఉన్ని ఉండదు, మేక మాదిరి పొట్టి వెంట్రుకే. కాళ్ళు పొడవు, చెవులు వేలాడతాయి, ముఖం మీద నల్లమచ్చలుంటే జోడిపి, ఒళ్ళంతా ఎర్రగా ఉంటే దొర. చిత్తూరు జిల్లా పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి పొట్టి ఆవుల్లో ఒకటి, ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మంచి నెల్లూరు పొట్టేలును దాని పక్కన నిలబెడితే భుజం భుజం కలుస్తాయి. ఆవంత గొర్రె, గొర్రెంత ఆవు, రెండూ మన రాష్ట్రంలోనే.

దేశంలో రెండే రెండు ఉన్న సంస్థల్లో ఒకటి కొండాపురం మండలం చింతలదేవిలో ఉంది. జాతీయ కామధేను పశు పునరుత్పత్తి కేంద్రం. ఉత్తరాదికి మధ్యప్రదేశ్ ఇటార్సీ, దక్షిణాదికి చింతలదేవి. నాటు ఆవు, గేదె జాతుల్ని కాపాడి పెంచడం దాని పని.

ఖరీదులో మేటి ఆవు మాత్రం బ్రెజిల్‌లో ఉంది. దాని జాతి పేరు నెలోర్, అంటే మన నెల్లూరే. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో భాగం కావడంతో ఒంగోలు గిత్తలు ఆ పేరుతో సముద్రం దాటాయి. వియాటినా-19 అనే నెలోర్ ఆవు 2023 వేలంలో సుమారు 35 కోట్ల రూపాయల విలువ పలికి గిన్నిస్‌కెక్కింది. బరువు 1,101 కిలోలు. ముప్పై నెల్లూరు పొట్టేళ్ళను తూకం వేసినా అంతకు కాస్త అటూ ఇటూ.

రాతిలో మేటి పొదలకూరు దగ్గరి ఇనుకుర్తి అభ్రకం. వందేళ్ళ నాటి గని పుస్తకాలకెక్కిన కొలత ఇది: పది అడుగుల అడ్డం, పదిహేను అడుగుల మందం ఉన్న అభ్రకం దిమ్మె! గోరుతో రేకులు రేకులుగా ఊడదీయగలిగేది ఒక గది అంత ముద్దగా భూమిలో పెరిగింది. రేడియో కాలంలో ప్రపంచమంతా నెల్లూరు అభ్రకం కోసం చేయి చాచింది.

ఓట్లలో మేటి ఆత్మకూరు. 2022 జూన్ ఉపఎన్నికలో మేకపాటి విక్రమ్‌రెడ్డికి 1,02,241 ఓట్లు, మెజారిటీ 82,888. తెలుగుదేశం పోటీకి దిగలేదు. రెండేళ్ళకు 2024లో అదే చోట ఆనం రామనారాయణరెడ్డి ఆయన మీద 7,576 ఓట్లతో గెలిచారు. అదే పెట్టె, అదే జనం, పదోవంతు కన్నా తక్కువ తేడా.

పదవిలో మేటి ఉదయగిరి. 1978లో ముప్పై నిండని కుర్రవాడు ఎం.వెంకయ్యనాయుడిని అసెంబ్లీకి పంపింది. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో రాష్ట్రం మొత్తం మీద బీజేపీకి దక్కినవి 3 సీట్లయితే అందులో ఒకటి ఉదయగిరి. ఆ ఎమ్మెల్యే 2017లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

అన్ని మతాల వాళ్ళనూ ఒకేచోట చూడాలంటే ఏఎస్ పేటకు పోవాలి. అనుమసముద్రంపేట పూర్తి పేరు. 18వ శతాబ్దపు సూఫీ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్, భార్య హబీబా ఖాతూన్ సమాధులు ఇక్కడున్నాయి. ఒంట్లో బాగాలేని వాళ్ళు, మనసు కుదురు లేని వాళ్ళు దర్గా ఆవరణలో రాత్రి నిద్ర చేస్తారు. బొట్టు పెట్టుకున్న అమ్మలు, టోపీ పెట్టుకున్న అయ్యలు ఒకే చాప మీద పడుకుంటారు.

రైలు కూత కోసం ఎదురుచూసిన నేలగా కూడా ఇది మేటే. నడికుడి నుంచి శ్రీకాళహస్తి దాకా 309 కిలోమీటర్ల లైను మెట్ట మీదుగా వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు దారి పట్టింది. కలిగిరి, డీసీపల్లి పొగాకు వేలం కేంద్రాల బేళ్ళన్నీ ఇన్నాళ్ళూ లారీల మీదే కదిలాయి.

చిన్నవాటిలో మేటి

మూడు వేల అడుగుల కొండ కింద, జానెడు పొడవు గరిటె. ఉదయగిరి కొయ్య గరిటెలకు, చెంచాలకు, ఫోర్కులకు, దువ్వెనలకు 2015లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కలివి, దేవదారి, పాలబరికె కొయ్య. పనివాళ్ళలో ఎక్కువమంది ముస్లిం ఆడవాళ్ళు, ఇంటి అరుగే కార్ఖానా. దుంగను కోసి, బాడిసతో చెంచా ఆకారం తెచ్చి, లోపలి గుంటను ఉలితో తొలుస్తారు. ఆకురాయితో అంచులు దిద్ది, ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. అసలు పనితనం కాడ మీద. అంగుళం వెడల్పు లేని కాడలో పారసీ తీగలు, జాలీ కన్నాలు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తీగకూ తీగకూ మధ్య చుక్క చుక్కగా వెలుగు కనిపిస్తుంది. చెయ్యి ఒక్కసారి జారితే కాడ విరుగుతుంది, అప్పటిదాకా పెట్టిన పనంతా పోతుంది. కొండ మీది మసీదులో రాతి మీద ఉన్న పారసీ వంపు కింద వీధిలో కొయ్య మీదికి దిగివచ్చింది. మూడున్నర శతాబ్దాల నాటి రాజులు పోయారు, వాళ్ళ పూలతీగ మాత్రం అన్నం కలిపే గరిటె మీద మిగిలింది.

ఈ కొయ్య ఇప్పుడు దొరకడం కష్టమవుతోంది, పని నేర్చుకునే పిల్లలూ తగ్గుతున్నారు. కోట పరిస్థితీ అంతే. గుప్తనిధులంటూ తవ్విన గుంతలు, పగిలిన మెట్లు, ముళ్ళపొదల్లో మునిగిన మండపాలు. హంపీకి దేవుడినిచ్చిన కొండకు కనీసం పైదాకా చక్కటి మెట్లదారి, ప్రతి కోట ముందు ఒక పలక ఉండాలి. ఇది అడగడం అత్యాశ కాదు. నెల్లూరు నుంచి బస్సెక్కితే వంద కిలోమీటర్ల లోపే ఉదయగిరి. పొద్దున్నే బయల్దేరండి, ఎండ ముదరకముందే కొండెక్కండి, నీళ్ళు దండిగా తీసుకెళ్ళండి. దిగివచ్చాక గరిటెలు చెక్కే వీధికి వెళ్ళి ఒకటైనా కొనండి, బేరమాడకుండా.